మహలా గ్రామ చరిత్రను జెండాల లెక్కన రాయడం ఇక చాలు

ఉక్రెయిన్‌లోని చెర్నివ్‌త్సీ నగరానికి తూర్పున, ప్రుత్ నదికి దగ్గరలో ఉన్న మహలా రొమేనియన్ మాట్లాడే రైతుల ఊరు. దాని గురించి రాసేవారు సాధారణంగా పాలకుల జాబితాతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. 1774లో ఆస్ట్రియా సైన్యం వచ్చేవరకు మోల్దావియా సంస్థానం, 1918 వరకు హాబ్స్‌బర్గ్ సామ్రాజ్యం, 1940 వరకు రొమేనియా, ఏడాది పాటు సోవియట్లు, మళ్లీ మూడేళ్లు రొమేనియా, 1944 నుంచి సోవియట్లు, 1991 తర్వాత ఉక్రెయిన్. ఈ వరుసలో తప్పేమీ లేదు. అయితే ఇది మహలా ఉన్న బుకోవినా ప్రాంతాన్ని పాలించినవారి చరిత్రే తప్ప, అక్కడ పొలం దున్నిన వారి చరిత్ర కాదు. మహలా చరిత్రను ఆ ఊరివాళ్లు స్వయంగా రాసుకున్న కాగితాల నుంచే మొదలుపెట్టాలి. దొరతనాల దస్తావేజులు ఆ తర్వాతే రావాలి.

అలాంటి కాగితాలు మహలాకు ఉండటం ఆ ఊరి అదృష్టం. 1904లో అక్కడే పుట్టిన అనీత్సా నాండ్రిష్ కుద్లా మూడు తరగతులు మాత్రమే చదువుకున్న రైతు మహిళ. ఆమె సోదరుల్లో ఒకరైన గ్రిగోరె నాండ్రిష్ భాషాశాస్త్ర పండితుడై లండన్ విశ్వవిద్యాలయంలో బోధించారు. ఆమె మాత్రం పెళ్లి చేసుకుని, పొలం పనుల్లో ముగ్గురు కొడుకులను పెంచుకుంటూ ఊళ్లోనే ఉండిపోయారు. 1941 జూన్ 13 తెల్లవారకముందే సోవియట్ అధికారులు ఆ కుటుంబాన్ని ఇంటి నుంచి తరలించారు. భర్తను ఆమె నుంచి వేరు చేశారు. ఆయన శిబిరంలోనే చనిపోయారు. ఆమెను, పిల్లలను ఆర్కిటిక్ వలయం దగ్గర, సైబీరియాలోని ఓబ్ నది దిగువ ప్రాంతానికి చేర్చారు. ఆ ఆకలిలో, ఆ చలిలో ముగ్గురు పిల్లలనూ బతికించుకుని, దాదాపు 20 ఏళ్ల తర్వాత ఆమె మహలాకు తిరిగివచ్చారు. వృద్ధాప్యంలో తన జీవితమంతా చేత్తో కాగితాల మీద రాసి పెట్టుకున్నారు. 1986లో కన్నుమూసేనాటికి అది అచ్చు కాలేదు. 1991లో రొమేనియాలో పుస్తకంగా వచ్చాక కానీ ఆ ఊరి పేరు బయటి పాఠకులకు తెలియలేదు.

ఈ ఒక్క రచన వల్ల దస్తావేజులను చదివే తీరే మారిపోతుంది. 1939 ఆగస్టులో హిట్లర్, స్టాలిన్ ప్రభుత్వాలు కుదుర్చుకున్న రహస్య ఒప్పందంలో రొమేనియా ఏలుబడిలోని పొరుగు ప్రాంతం బెస్సరేబియా ప్రస్తావన ఉంది గానీ బుకోవినా ఊసే లేదు. అంతకుముందు ఎన్నడూ రష్యా సామ్రాజ్యంలో భాగం కాని ఆ నేలను 1940 జూన్ 26 నాటి తుది హెచ్చరికలో మాస్కో అదనంగా చేర్చింది. రెండు రోజుల్లో రొమేనియా తలొగ్గి, సైన్యాన్ని వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టింది. దౌత్య చరిత్రకారుడికి ఇది మధ్యలో వచ్చిపోయే ఒక పేరా. మహలా రైతుకు మాత్రం ఆనాటి నుంచి ప్రుత్ లోయలో ప్రతి రాత్రీ నిర్ణయం తీసుకోవలసిన రాత్రే అయింది. ఆ ఏడాది శరత్కాలంలో జర్మనీతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఉత్తర బుకోవినా నుంచి 40 వేల మందికి పైగా జర్మన్ జాతివారిగా నమోదై వెళ్లిపోయారు. రొమేనియన్లకు అలాంటి దారి ఎవరూ చూపలేదు. 1941 ఫిబ్రవరిలో మహలా నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వందలాది మంది లుంకా అనే ఊరి దగ్గర మంచులో రొమేనియా సరిహద్దు దాటబోయి సోవియట్ కాపలాదారుల తూటాలకు ఎదురయ్యారు. ఏప్రిల్ 1న సిరెత్ లోయలోని ఊళ్ల జనం శిలువలు, తెల్లజెండా పట్టుకుని ఊరేగింపుగా సరిహద్దు దగ్గరి ఫంతానా ఆల్బ అనే ఊరి వైపు నడిస్తే, వారి మీదా కాల్పులు జరిగాయి. సోవియట్ పత్రాలు మృతుల సంఖ్యను 44గా చూపాయి. బతికి బయటపడినవారి జ్ఞాపకాలు అంతకన్నా ఎన్నో రెట్లు చెబుతాయి.

ఆ తర్వాత వచ్చినవే జూన్ 13 నాటి తరలింపు జాబితాలు. రొమేనియాకు పారిపోయినవారి బంధువులు, పాత ప్రభుత్వంలో పనిచేసినవారు, నాలుగెకరాలు ఎక్కువున్న రైతులు అందులోకి ఎక్కారు. ఆ తరలింపు జరిగిన తొమ్మిది రోజుల తర్వాత సోవియట్ యూనియన్ మీద జర్మనీ దండయాత్ర మొదలైంది. తరలింపు ఆ తొమ్మిది రోజులు ఆలస్యమై ఉంటే ఈ తల్లీపిల్లలు బహుశా సైబీరియా చూసేవారు కారు. మనిషి చేసిన పనిని కాకుండా అతని చుట్టరికాన్ని, భాషను, ఆస్తిని చూసి నేరస్థుడిగా తేల్చే పద్ధతికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం ఆ కాలపు ఏ అధికార పత్రంలోనూ నాకు కనిపించలేదు.

ఈ వాదనను రొమేనియన్ జాతీయవాదమని కొట్టిపారేసేవారున్నారు. రెండు ప్రపంచయుద్ధాల మధ్య బుకోవినాలో ఉక్రేనియన్ బడులను రొమేనియన్ బడులుగా మార్చింది బుఖారెస్ట్ ప్రభుత్వమేనని, 1941 వేసవిలో తిరిగివచ్చిన రొమేనియా పాలనలోనే యూదుల హత్యలు, నీస్టర్ నదికి తూర్పున రొమేనియా ఆక్రమించిన ట్రాన్స్‌నిస్ట్రియాకు తరలింపులు జరిగాయని వారు గుర్తుచేస్తారు. అవన్నీ నిజాలే. మహలాకు పొరుగున ఉన్న బొయాన్ ఒకప్పుడు హసీదీ అనే యూదు భక్తి సంప్రదాయపు గురుపీఠంగా యూదు ప్రపంచమంతా ఎరిగిన ఊరు. ఆ యూదు సమాజం ఈనాడు అక్కడ లేదు. ఊరి నుంచి రాసే చరిత్రే ఈ రెండు బాధలనూ ఒకే పుటలో ఉంచగలదు. జెండా నుంచి రాసే చరిత్ర తనవారిని లెక్కించి పక్కవారిని వదిలేస్తుంది. వేలాది యూదులు తరలింపు నుంచి తప్పించుకునేలా చేసిన చెర్నివ్‌త్సీ మేయర్ ట్రయాన్ పొపొవిచ్ కూడా అదే రొమేనియా పాలనలో పనిచేసినవాడేనన్న సంగతి జెండా లెక్కల్లో ఇమడదు.

ఇప్పటి వివాదమైన బడి భాషనూ ఈ కోణంలోనే చూడాలి. ఉక్రెయిన్ 2017 నాటి విద్యాచట్టం ప్రాథమిక స్థాయి దాటాక మైనారిటీ భాషల్లో బోధనను బాగా కుదించింది. ఐరోపా సమాఖ్యలో చేరే చర్చల ఒత్తిడితో 2023 డిసెంబరులో చేసిన సవరణ రొమేనియన్ వంటి సమాఖ్య అధికార భాషలకు ఆ అవకాశాన్ని చాలావరకు తిరిగి ఇచ్చింది. రష్యా దురాక్రమణను ఎదుర్కొంటున్న దేశం రాజ్యభాషను బలపరచుకోవడం న్యాయమే. మహలా పిల్లలు ఉక్రేనియన్ బాగా నేర్చుకోవాలి కూడా. అయితే ఒక పసివాడి బడి భాష ఐరోపా సమాఖ్య కేంద్రమైన బ్రసెల్స్‌తో జరిగే బేరంలో ఒక అంశంగా ఉన్నంతకాలం అది హక్కు అనిపించుకోదు. 1997లో రొమేనియా, ఉక్రెయిన్ కుదుర్చుకున్న ఒప్పందం సరిహద్దులను ఖాయం చేసింది కాబట్టి, రొమేనియన్ బడి మీద వేర్పాటు అనుమానానికి ఆధారం లేదు. ఆ బోధన హక్కును చర్చల గడువులతో సంబంధం లేకుండా శాశ్వత చట్టంగా కీవ్ ప్రకటించాలి. అనీత్సా రాతను రొమేనియాలోనూ ఉక్రెయిన్‌లోనూ బడిపిల్లలకు చరిత్ర పాఠంగా పెట్టాలి. బుఖారెస్ట్ కూడా 2011 నుంచి ఫంతానా ఆల్బ మృతుల కోసం ఏటా ఏప్రిల్ 1న జరుపుతున్న స్మారక దినంలో బొయాన్ యూదులకు చోటివ్వాలి.