బుడగ కప్పు కారుకు ఏ అద్దం?

సొంతంగా డిజైన్ చేసుకున్న కారుకు వంపు తిరిగిన అద్దమో, బుడగలా గుండ్రంగా ఉబ్బిన పారదర్శకమైన కప్పో కావాలంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ షీటు. సుత్తితో కొట్టినా పగలదని దానికి పేరు, ఆ పేరు నిజమే. అయితే కొన్నేళ్ల తర్వాత కూడా అందులోంచి దారి తేటగా కనపడుతుందా? నేనైతే ముందు ఇదే అడుగుతాను.

పగలకపోయినా పాలీకార్బొనేట్ పైభాగం మెత్తనిది. పొడిగుడ్డతో దుమ్ము తుడిచినా గీతలు పడతాయి, ఎండకు పసుపెక్కుతుంది. అందుకే పైన హార్డ్ కోటింగ్, అంటే గీతలు పడకుండా గట్టి పూత, వేసిన షీట్లు అమ్ముతారు. వాటిని వేడిచేసి బుడగలా సాగదీస్తే మామూలు కోటింగ్ పగుళ్లిస్తుంది. పైగా గాలిలోని తేమను పీల్చుకునే రకం ఇది. ముందుగా 120 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఆరబెట్టకపోతే, వేడిచేసినప్పుడు షీటు నిండా బుడగలు లేస్తాయి. ఒకవైపే వంపున్న పక్క కిటికీకి మాత్రం ఇది బాగా పనికొస్తుంది. వేడి అక్కర్లేకుండా వంచి బిగించవచ్చు, వంపు వ్యాసార్ధం షీటు మందానికి కనీసం 100 రెట్లు ఉంటే చాలు. కోటింగ్ ఉంటే ఇంకా ఎక్కువ కావాలి.

ముందు అద్దం విషయంలో రాజీ వద్దు. వైపర్ తిరిగే చోట ప్లాస్టిక్ పెడితే రాత్రిపూట ఎదురు లైట్లకు గీతలన్నీ మెరుస్తాయి. అక్కడ లామినేటెడ్ గాజే, అంటే రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర అతికించినదే, ఉండాలి. మన 1989 మోటారు వాహనాల నిబంధనలు కూడా అదే అడుగుతాయి. ఆటో కిటికీలకు ప్లాస్టిక్ షీటు వాడనిచ్చినట్టు మామూలు కారుకు వాడనివ్వవు. కాబట్టి ఈ ప్లాస్టిక్ కప్పులు, కిటికీల చర్చంతా ప్రదర్శన కార్లకు, పోటీ బళ్లకే.

అన్నివైపులా గుండ్రంగా ఉండే కప్పుకు నేను క్యాస్ట్ అక్రిలిక్‌నే, అంటే అచ్చులో పోసి చేసిన గాజులాంటి ప్లాస్టిక్ షీటునే, ఎంచుకుంటాను. అంచులు బిగించి, వేడెక్కిన షీటును గాలితో ఊదితే మధ్యలో ఎక్కడా అచ్చు తగలదు, మచ్చ పడదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాల కప్పులూ అక్రిలిక్‌వే. అయితే అక్రిలిక్ పగిలితే పదునైన ముక్కలవుతుంది, ఆ లోపాన్ని దాచకూడదు.

బిగింపులోనే ఎక్కువమంది పొరబడతారు. వేడికి అక్రిలిక్ గాజు కంటే దాదాపు 8 రెట్లు వ్యాకోచిస్తుంది. 50 డిగ్రీల తేడాకు మీటరు షీటు 3.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మన ఎండల్లో నిలబెట్టే బండికి బోల్టు రంధ్రాలు వదులుగా తీసి, మధ్యలో రబ్బరు వాషర్లు వేయండి. బోల్టును మాత్రం మరీ గట్టిగా బిగించకండి.