వెనక వైపు చూడకుండా పట్టుబట్టకు కత్తెర పెట్టించకండి

అనంతపురంలో జాకెట్లు కుడతాను నేను. పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే నా మిషన్ దగ్గర ధర్మవరం పట్టే ఎక్కువ. చానా రోజులుగా మనసులో ఉన్న మాట, కోపంగానే చెప్తున్నా. నేతలోనే డిజైన్ వచ్చిన బట్టను ప్రింటు బట్ట కోసినట్టు కోయించకండి.

ప్రింటంటే అప్పటికే నేసిన బట్ట మీద వేసిన రంగు. నేత డిజైన్‌లో బట్టా, బొమ్మా రెండూ మగ్గం మీద ఒకేసారి పుడతాయి. జాకార్డు మగ్గం పైన వరసగా కుట్టిన అట్టలు వేలాడుతుంటాయి కదా, ఏ పడుగు (నిలువు) పోగు లేవాలో, ఏది కిందే ఉండాలో చెప్పేవి ఆ అట్టల్లోని చిల్లులే. పేక (అడ్డపోగు) ఒక్కో వరసకూ ఒక్కో అట్ట తిరగాలి. ఒక నెమలి పూర్తవ్వాలంటే నేసే మనిషి ఎన్నిసార్లు తొక్కాలో ఆలోచించండి. 1804లో ఫ్రాన్సులో జోసెఫ్ మరీ జాకార్డు తెచ్చిన పద్ధతి ఇది, ఇప్పటికీ ధర్మవరం ఇళ్ళలో నడుస్తోంది.

ఇప్పుడు చీర తిప్పండి. ముందు వైపు బుటాలో, అంటే విడివిడిగా నేసిన చిన్న బొమ్మలో, మెరిసిన జరీ పోగు, బుటా అయిపోగానే వెనక్కి దిగి, పక్క బుటా దాకా వదులుగా పోతుంది. మెట్టెలకూ గాజులకూ తగిలి లాగేది ఆ పోగే. కొన్ని చీరల్లో ఆ పోగుల్ని ముందే కత్తిరించేస్తారు, బుటా చుట్టూ చిన్న చిన్న కొసలు కనిపిస్తాయి. ఉప్పాడ జాందానీలో బుటా పోగును చేత్తో విడివిడిగా పెడతారు కాబట్టి వెనక వైపు కూడా శుభ్రంగా ఉంటుంది. బట్ట పోగులతోనే బొమ్మ వచ్చే సెల్ఫ్ డిజైన్‌లో అదనపు పోగే లేదు, మెరుపు తిరగబడుతుంది అంతే. కొన్నిసార్లు నాకు ఆ వెనక వైపే నచ్చుతుంది, కుట్టి కూడా ఇచ్చాను. పోచంపల్లి వేరే కథ. అక్కడ నేతకు ముందే పోగులకు రంగు అద్దుతారు, రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది.

"అక్కా, లోపల దారాలు గుచ్చుకుంటాండాయి, కత్తిరించేయ్" అంటారు. కత్తిరించనమ్మా. బుటాకు ఆనించి తెంచేస్తే ఆ పోగును పట్టి ఉంచేది ఏదీ ఉండదు, ఉతుకుల్లో బుటా జారి ఊడిపోతుంది. మెత్తటి కాటన్ లైనింగ్ వేయించుకోండి. కుట్టు దగ్గర బట్ట ఎక్కువే వదలమనండి, కోసిన అంచు పీచుపీచుగా వచ్చేస్తుంది. జరీ పోగు పైకి లేచిందా, తెంచొద్దు, సన్నటి సూదితో వెనక్కి లాగేయండి. ఇస్త్రీ వెనక వైపు నుంచి, పైన పలచటి గుడ్డ వేసి చేయండి.

ఇంకో బాధ చెప్పాలి. బట్ట మిగలాలని ముందు భాగాన్ని ఒక దిక్కున, వెనక భాగాన్ని తలకిందులుగా పెట్టి కోసేస్తారు కొందరు. ముందు హంసలు నిలబడి ఉంటాయి, వీపు మీద కాళ్ళు పైకి! అమ్మ పెళ్ళి చీరను అంబ్రెల్లా గౌనుగా కోసేస్తే ఇంకా ఘోరం. అంచు ముక్కలవుతుంది, బుటాలన్నీ ఏటవాలుగా పోతాయి, జరీ బరువుకు గౌను అందంగా జారదు. అదే పాపకు పావడా కుట్టిస్తే చీర నిడివి నడుం చుట్టూ తిరుగుతుంది, అంచు నిండుగా కింద నిలుస్తుంది. బుటా ఒక్కటీ చెడదు. లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లో ఆ ఆడవాళ్ళ చీరల్ని నిదానంగా చూడండి, ఎన్ని రకాల డిజైన్లో. ఈ సీమలో బట్ట మీద అంత శ్రద్ధ ఉండేది.

ఇంకొక మాట. వెనక పోగులు కనిపించాయి కదా అని అది చేనేత అనుకోకండి. పవర్‌లూమ్, అదే మరమగ్గం మీద కూడా జాకార్డు ఉంది, అక్కడా పోగులు అలాగే తేలతాయి. వెనక వైపు చూస్తే ప్రింటా నేతా అన్నది తెలుస్తుంది, చేత్తో నేసిందా లేదా అన్నది తేలదు. దానికి చేనేత మార్కు అడగండి, పట్టుకు సిల్క్ మార్కు అడగండి. చెంగు చివర ఒక పోగు తీసి కాల్చితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి బూడిద నలిగితే పట్టు. ముద్దై గట్టిగా గడ్డకడితే పాలిస్టర్. పాలిస్టర్ కొనుక్కోవడం తప్పేమీ కాదు, పట్టు ధర పెట్టి కొనడం తప్పు. 1985లో చట్టం చేసి కొన్ని రకాల చీరల్ని చేనేతకే కేటాయించింది ప్రభుత్వం. అయినా చేనేత అని చెప్పి మరమగ్గం చీర అంటగట్టేవాళ్ళు ఉన్నారు, ధర్మవరం నేతగాడి కూలి అక్కడే పోతోంది.

అందుకే దుకాణాల వాళ్ళను అడుగుతున్నా. మడత మీద మడత వేసి ముందు వైపే చూపించకండి. చీర పూర్తిగా విప్పి, తిప్పి, వెనక వైపు కూడా చూపించండి. చూపించం అన్న చోట కొనకండి అక్కా.