అనుమానం వచ్చిన రోజే చెప్పాల్సింది

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను, కోపంతో చేతులు ఇంకా వణుకుతున్నాయి. మా అక్కవాళ్ల పక్కింటి పిల్లవాడికి జ్వరంతో ఒళ్లంతా దద్దుర్లు తేలి ఆరు రోజులైంది. చూసిన వైద్యుడు తట్టు అయి ఉంటుందని మొదటి రోజే అనుమానించారట. అయినా రక్తపరీక్ష నివేదిక ఇంకా రాలేదని ఆరోగ్య సిబ్బందికి తెలియజేయలేదు. దద్దుర్లు తేలిన రోజు ఉదయమే ఆ పిల్లవాడు మా అక్క ఏడు నెలల బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఆడించాడు.

తట్టు సోకినవారి నుంచి, దద్దుర్లు కనబడడానికి నాలుగు రోజుల ముందు మొదలుకొని ఆ తరువాత నాలుగు రోజుల దాకా, ఇతరులకు వ్యాధి అంటుతుంది. వారు వెళ్లిపోయిన గదిలోనూ వైరస్ రెండు గంటల వరకు గాలిలో ఉండగలదు. రోగి దగ్గర మెలిగిన 72 గంటల్లోపు టీకా వేస్తే వ్యాధిని ఆపే అవకాశం ఉంది, ఇలాంటప్పుడు ఆరు నెలలు నిండిన పసివాళ్లకూ వేస్తారు. ఆ 72 గంటలు కాగితం కోసం ఎదురుచూడడంలోనే పోయాయి. దద్దుర్లు వచ్చిన తొలి మూడు రోజుల్లో తీసిన రక్తంలో యాంటీబాడీలు (వ్యాధిని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే రక్షక పదార్థాలు, ఆ పరీక్షలో వెతికేవి అవే) బయటపడకపోవచ్చు కూడా, కాబట్టి ఆ కాగితం త్వరగా వచ్చినా వ్యాధి లేదనే చెప్పి ఉండేదేమో!

1854లో లండన్ బ్రాడ్ వీధిలో కలరా చెలరేగినప్పుడు, దానికి కారణమైన సూక్ష్మజీవిని వైద్యలోకం ఇంకా అంగీకరించనే లేదు. జాన్ స్నో అనే వైద్యుడు మరణాలు ఏయే ఇళ్లలో జరిగాయో ఆరా తీసి, ఆ వీధి నీళ్ల పంపు మీద అనుమానం చెప్పగానే స్థానిక అధికారులు దాని పిడి తీయించారు. (అప్పటికే జనం ఇళ్లు వదిలిపోవడంతో వ్యాధి తగ్గుముఖం పట్టిందన్నదీ నిజమే, కానీ రుజువు పూర్తయ్యే దాకా వాళ్లు ఆగలేదు.)

ఇంకో బాధ నన్ను చాలాకాలంగా తొలుస్తోంది. జబ్బు పేరు బయటికి వస్తే పరువు పోతుందని దాచేవాళ్లను నేను క్షమించలేను. 2002 నవంబరులో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో మొదలైన సార్స్ అనే శ్వాసకోశ వ్యాధి సంగతి ప్రపంచ ఆరోగ్య సంస్థకు అధికారికంగా చేరింది 2003 ఫిబ్రవరిలో. ఆ వ్యాధి ఆగేలోగా ప్రపంచంలో దాదాపు 800 మంది చనిపోయారు. ఈ రోజు మా అక్కతో పక్కింటివాళ్లు, "ఎవరికీ చెప్పకండమ్మా, మా పిల్లవాణ్ణి అందరూ వెలివేస్తారు" అన్నారట. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, కానీ వాళ్లుండే భవనం మెట్ల మీద ఇంకెందరు చంటిపిల్లల తల్లులు ఎక్కి దిగుతున్నారో వాళ్లకు తెలియదు.

అందుకే ఆరోగ్య సిబ్బందికి నేనే ఫోన్ చేసి చెప్పాను. రేపు వచ్చి ఇంటింటికీ తిరుగుతామన్నారు. అక్క మాత్రం గంటకోసారి బిడ్డ చెవుల వెనక దద్దుర్ల కోసం వెతుకుతోంది, ఇంకా రెండు వారాలు అలా వెతకాలి.