కరుణకు హాజరు పట్టీ

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలని పెద్దలు ఊరికే అనలేదు. (ఆ ‘ఏదొచ్చినా’ దగ్గర సామెతలో ఉన్న అసలు మాటను మర్యాద కోసం మింగేశాను.) బిడ్డ వస్తే పట్టాలి, రక్తస్రావమైతే ఆపాలి, పుట్టిన బిడ్డ ఏడవకపోతే మొదటి నిమిషంలోనే ఊపిరి అందేలా చూడాలి. ఇప్పుడు మిడ్‌వైఫ్‌లకు, అంటే శిక్షణ పొందిన నేటి మంత్రసానులకు, తోటివారితో కరుణగా మెలగడం నేర్పే ‘కరుణా నాయకత్వ శిక్షణ’ వచ్చింది. అదీ పట్టాలి.

నేను ఈ శిక్షణకు గట్టి సమర్థకుణ్ణి. అయితే సిద్ధాంతంలో ఒక చిన్న సవరణ అవసరం. మైకేల్ వెస్ట్ అనే బ్రిటిష్ ఆచార్యుడు కరుణగల నాయకత్వానికి నాలుగు లక్షణాలు చెప్పారు: ఎదుటివారి మాట శ్రద్ధగా వినడం, వారి పరిస్థితి అర్థం చేసుకోవడం, వారి బాధను తానూ అనుభవించడం, సాయపడటం. మొదటి మూడింటితో నాకు పేచీ లేదు. కుర్చీలో కూర్చుని తల ఊపితే రెండు అయిపోతాయి, కాస్త నిట్టూరిస్తే మూడోదీ గట్టెక్కుతుంది. చిక్కంతా నాలుగోదానితోనే. సాయమంటే రాత్రి డ్యూటీకి ఇంకో మనిషిని వేయాలి, ఖాళీలు నింపాలి, అడిగినప్పుడు సెలవివ్వాలి. కరుణ ఇలా జమాఖర్చుల్లోకి చొరబడటం ఎవరికీ క్షేమం కాదు.

పైగా మనుషులెక్కడున్నారు? ఐక్యరాజ్యసమితి జనాభా నిధి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, మిడ్‌వైఫ్‌ల అంతర్జాతీయ సమాఖ్య కలిసి 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ఇంకా 9 లక్షల మంది మిడ్‌వైఫ్‌ల కొరత ఉంది. కంగారు పడవలసిన పనిలేదు. ఆ లేనివారి పని ఎలాగూ ఉన్నవారే చేస్తున్నారు. లేనివారి వాటా కరుణ కూడా వారే చూపిస్తే లెక్క సరిపోతుంది.

ప్రసవం రెండో దశకు, అంటే తల్లి బిడ్డను బయటికి నెట్టే దశకు, చేరాక 5 నిమిషాలకోసారి బిడ్డ గుండె చప్పుడు వినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రెండు గదుల్లో ఇద్దరు తల్లులు ఒకేసారి ఆ దశకు చేరి, చూసే మనిషి ఒక్కరే అయితే ఏం చేయాలి? మన శిక్షకుల దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: కళ్లు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టాలి. తల్లి శ్వాస మీద కాదు, తమ శ్వాస మీద. అలాంటి వేళ సీనియర్ ఒకామె కొత్తగా చేరిన పిల్లను కసిరితే, అది ఆమె స్వభావదోషమే తప్ప డ్యూటీలో పదమూడో గంట దోషం ఎంతమాత్రం కాదు. స్వభావానికైతే శిక్షణ ఉంది. పదమూడో గంటకు లేదు.

ఇంగ్లండ్ వారు ఈ విషయంలో తొందరపడ్డారనే చెప్పాలి. అక్కడ 1902 నాటి చట్టంతో మిడ్‌వైఫ్‌ల మీద పర్యవేక్షకులు వచ్చారు. పోనుపోను భుజం తట్టి ధైర్యం చెప్పడం, తప్పు జరిగిందంటే విచారించడం, రెండూ వారి పనులే అయ్యాయి. ఈ రెండూ ఒకరి దగ్గరే ఉంటే మనసు విప్పి మాట్లాడేదెవరని ఎవరికో అనుమానం వచ్చింది. 2017లో ఆ ఏర్పాటు ఎత్తేసి, విచారణ జోలికి పోకుండా తోడుగా నిలిచే వారిని నియమించుకున్నారు. ఏ చేత్తో కన్నీళ్లు తుడిచామో ఆ చేత్తోనే సంజాయిషీ కాగితం అందించే పొదుపును చేజేతులా వదులుకున్నారు.

తల్లో బిడ్డో దక్కని రాత్రులుంటాయి. ఆ పడక పక్కన నిలబడిన మనిషి కూడా దెబ్బ తింటుందని, ఆమెను ‘రెండో బాధితురాలు’గా చూడాలని వైద్యరంగంలో పాతికేళ్లుగా అంటున్నారు. నిజానికి అలాంటి రాత్రి తర్వాత ఆమె అడిగేది పెద్దదేమీ కాదు. ఎవరైనా ఒక గంట పక్కన కూర్చోవాలి, మర్నాటి డ్యూటీ ఇంకొకరు చూసుకోవాలి. ఇక్కడా నాలుగో లక్షణమే అడ్డు తగులుతోంది, గమనించారా? అందుకే మనం ఆమె చేతికి ఒక పత్రం ఇస్తాం: ‘మీ దుఃఖానికి ఒకటి నుంచి అయిదు వరకు మార్కులు వేయండి.’

ఒక్క ప్రమాదాన్ని మాత్రం శిక్షకులు ముందే పసిగట్టాలి. సరిగ్గా ‘సహోద్యోగికి అండగా నిలవడం’ అనే పాఠం మొదలయ్యే వేళకు వార్డు నుంచి ఫోను వస్తుంది. అక్కడ ఒంటరిగా ఉన్న మనిషికి చేతులు చాలడం లేదని తెలిసి, వెనక వరుసలో కూర్చున్న ఒకామె చెప్పాపెట్టకుండా లేచి పరుగెడుతుంది. ఇలాంటివారిని ఉపేక్షించకూడదు. ఆ గంటకు గైర్హాజరు వేయాలి, హాజరు చాలనందున ధ్రువపత్రం ఆపాలి. వచ్చే విడతలో మొదటి పాఠం నుంచి మళ్లీ కూర్చోబెట్టాలి, వీలైతే రాత్రి డ్యూటీ దిగిన వెంటనే.