మీటరు వెనక్కి తిప్పిన కారు

బ్రేకు పెడల్ మీద రబ్బరు అరిగి నున్నబడింది. స్టీరింగ్ గరుకుదనం పోయి మెరుస్తోంది. డ్రైవర్ సీటు ఒక పక్కకు కుంగింది. కారు వయసు పదకొండేళ్లు. మీటరు మాత్రం 38 వేల కిలోమీటర్లే చూపిస్తోంది. ‘సింగిల్ ఓనర్ సార్, డాక్టర్ గారి బండి, ఇంటికీ ఆసుపత్రికీ తప్ప తిప్పలేదు’ అనే మాట ఏ ఊళ్లో కార్ల కన్సల్టెన్సీకి వెళ్లినా వినిపిస్తుంది. ఆ మాట నిజమైన బండ్లూ ఉంటాయి. ఏది నిజమో తేల్చుకునే దారి కొనేవాళ్లకు లేకపోవడమే మా బాధ.

సెకండ్ హ్యాండ్ చిన్న కారు కొనేది ఎక్కువగా చిన్న జీతగాళ్లే. ప్రైవేటు స్కూల్లో టీచరు, కిరాణా కొట్టు యజమాని, తండ్రిని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లాల్సిన కొడుకు. రెండున్నర, మూడు లక్షల కోసం చీటీ పాడతారు, బంగారం కుదువ పెడతారు, కొత్త కారు లోను కంటే ఎక్కువ వడ్డీకి ఫైనాన్స్ తీసుకుంటారు. దేశంలో ఇప్పుడు కొత్త కార్ల కంటే పాతవే ఎక్కువగా చేతులు మారుతున్నాయి. అంటే ఇది ఏదో మూలన జరిగే చిన్న వ్యాపారం కాదు. సగటు కుటుంబానికి ఇల్లు తర్వాత ఇంతటి కొనుగోలు మరొకటి ఉండదు.

ముందే ఒక మాట చెప్పాలి. మన చిన్న పెట్రోలు కార్లు నమ్మదగ్గవే. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అయినా వేళకు ఆయిలు మార్చిన బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. దాని తర్వాత వచ్చిన ఆల్టో, వ్యాగన్ ఆర్, శాంత్రో, ఐ10 లాంటి కార్లలో ఎక్కువ వాటికి టర్బో లేదు, పెద్ద హంగుల్లేవు. మండల కేంద్రంలోని షెడ్డు మెకానిక్కు కూడా వాటి పని తెలుసు, విడిభాగాలు పక్క వీధిలో దొరుకుతాయి. లోపం కారులో లేదు. దాని గతాన్ని దాచిపెట్టడంలో ఉంది.

మీటరు తిప్పితే ఎక్కువ ధర పెట్టి మోసపోతామంతే కదా అని చాలామంది అనుకుంటారు. నష్టం అక్కడితో ఆగదు. కారులో ఏ భాగం ఎప్పుడు మార్చాలో కిలోమీటర్లను బట్టే నిర్ణయిస్తారు. వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి తగలకుండా వేళకు కదిలేలా చూసేందుకు కొన్ని ఇంజన్లలో టైమింగ్ చెయిన్ ఉంటుంది, కొన్నింటిలో రబ్బరు బెల్టు ఉంటుంది. బెల్టును కంపెనీ చెప్పిన దూరం దాటకుండా మార్చాలి. నిజంగా లక్షా పదివేలు తిరిగిన బండికి మీటరు 40 వేలు చూపిస్తే, ఇంకా చాలా టైముందిలే అని యజమాని నిశ్చింతగా ఉంటాడు. ఒకరోజు హైవే మీద బెల్టు తెగుతుంది. చాలా ఇంజన్లలో ఆ క్షణంలోనే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. మూడు నాలుగు వేలతో పోవాల్సింది ఇంజన్ విప్పేదాకా వస్తుంది. క్లచ్ ప్లేటు, షాకబ్జార్బర్లు, గేర్ ఆయిలు, కూలెంటు అన్నింటికీ ఇదే వర్తిస్తుంది. కొన్నాయన నిర్లక్ష్యం చేయలేదు, అతనికి అబద్ధపు లెక్క ఇచ్చారు.

ఖర్చు సంగతి కూడా చూద్దాం. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగే పాత కారు లీటరుకు 15 ఇస్తే, లీటరు రూ.107 అనుకున్నా పెట్రోలుకే రూ.71 వేలు దాటుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ కలపని పెట్రోలు కోసం తయారై, 10 శాతం మిశ్రమానికి ట్యూన్ చేసిన కార్లలో మైలేజి 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నాటి నివేదికే అంచనా వేసింది. పాత బండ్లలో రబ్బరు పైపులు, గ్యాస్కెట్లు కూడా ముందుగానే మార్చాల్సి రావచ్చు. వెయ్యి సీసీ లోపు కారుకు థర్డ్ పార్టీ బీమా 2022 జూన్ నుంచి రూ.2,094, ఆపైన 1500 సీసీ వరకు రూ.3,416, జీఎస్టీ అదనం. పదిహేనేళ్లు నిండితే ఆర్‌సీ రెన్యువల్‌కు రూ.5 వేలు కట్టాలి. ఇరవై ఏళ్లు దాటితే రూ.10 వేలు అని కేంద్రం 2025 ఆగస్టులో పెంచింది. గ్రీన్ ట్యాక్స్ వేరు. టైర్ల సంగతి సరేసరి. పక్కన నాలుగంకెలు ఉంటాయి, 3719 అంటే 2019లో 37వ వారంలో తయారైందని. గాడి బాగానే కనిపించినా ఏడేళ్ల రబ్బరును నమ్మి పిల్లలను ఎక్కించకూడదు.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద పన్ను సెస్సుతో కలిపి 29 శాతం ఉన్నది 18కి దిగింది. కొత్త ఆల్టో కె10 షోరూం ధర రూ.3.70 లక్షల దగ్గర మొదలైంది. ఐదారేళ్ల నాటి కారుకు మూడున్నర లక్షలు అడిగితే మరొకసారి ఆలోచించాలి.

నీట మునిగిన బండ్ల గురించి కాస్త వివరంగా చెప్పక తప్పదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే సమయంలో ఖమ్మంలో మున్నేరు ఇళ్ల మీదకు వచ్చింది. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లో కార్లు పడవల్లా తేలడం అందరం చూశాం. మునిగిన కారును బాగు చేయించుకుని వాడుకోవడం తప్పు కాదు. ఆ సంగతి చెప్పకుండా మరో జిల్లాకు తీసుకెళ్లి అమ్మడం తప్పు. నీళ్లు ఎండిపోయినా వైర్ల కనెక్టర్లలో తుప్పు మెల్లమెల్లగా పెరుగుతుంది. ఆరు నెలల తర్వాత ఓ రోజు అద్దం దిగదు, మరో రోజు ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది, ఇంకోరోజు బండి స్టార్టే కాదు. ఎలక్ట్రీషియన్ చుట్టూ తిరగడంతోనే సరిపోతుంది. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద మరకలున్నాయేమో చూడండి. స్టెప్నీ కింద గుంట, సీటు పట్టాలు, కార్పెట్టు అడుగు తాకి చూడండి. కొత్తగా కొట్టిన సెంటు వాసన గుప్పుమంటే అనుమానించండి.

వాహనం ధ్వంసమైనా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినా 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. బాగు చేయించడం గిట్టదని తేల్చి బీమా కంపెనీ ‘టోటల్ లాస్’ కింద డబ్బు చెల్లించిన బండి వివరం ఆర్‌సీ రికార్డులోనే కనిపించాలి. తర్వాత కొనేవారికి అది తెలియకపోతే ఆ సెక్షన్ ఉండి ఏం లాభం?

భద్రత మీద కూడా రాజీ పడొద్దు. 2014 జనవరిలో కార్లను గుద్దించి భద్రతను తేల్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షించిన ఐదు చిన్న కార్లూ ఎయిర్‌బ్యాగులు లేని మోడళ్లే, ఐదింటికీ సున్నా స్టార్లే వచ్చాయి. తక్కువ ధరకు అమ్మకానికి ఉన్నవి చాలావరకు ఆ కాలం నాటివే. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ కార్లన్నింటికీ 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ అదే ఏడాది జూలై నుంచి తప్పనిసరి అయ్యాయి. ఇంకో పాతిక వేలు పెట్టగలిగితే ఆ తర్వాత తయారైన బండే తీసుకోండి. అలాయ్ వీల్స్, టచ్ స్క్రీన్ లేకపోయినా ఫర్వాలేదు.

అమ్మేవాళ్లకూ ఒక హెచ్చరిక. డబ్బు చేతికొచ్చింది, తాళాలు ఇచ్చేశాం, ఇక మనకేం సంబంధం అనుకోవద్దు. ఆర్‌సీలో పేరున్న వ్యక్తే యజమాని అని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆయనదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కొన్నవారు పేరు మార్చుకోకుండా మూడు చేతులు మార్చినా, నోటీసు మీ ఇంటికే వస్తుంది. డీలర్లకు రవాణా శాఖ అనుమతి పత్రం ఉండాలని, బండి వారి చేతికి వచ్చినట్టు ఆన్‌లైన్‌లో తెలియజేయాలని, వారి దగ్గరున్నంతకాలం బాధ్యత వారిదేనని 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర నిబంధనలు వచ్చాయి. మన ఊళ్లలో రోడ్డు పక్కన టెంటు వేసి పది కార్లు నిలబెట్టే కన్సల్టెన్సీల్లో ఎన్నింటికి ఆ పత్రం ఉందో రెండు రాష్ట్రాల రవాణా శాఖలు జిల్లాలవారీగా జాబితా పెట్టాలి. నిజాయితీగా వ్యాపారం చేసేవాళ్లు తప్పకుండా ఉన్నారు. వారికి ఈ జాబితా మేలే చేస్తుంది.

మీటరు మోసాన్ని అడ్డుకున్న దేశాలున్నాయి. అమెరికాలో 1972 నుంచే దీనికి ప్రత్యేక చట్టం ఉంది. బెల్జియంలో 2006 చివరి నుంచి పాత కారు అమ్మాలంటే ‘కార్ పాస్’ అనే పత్రం ఇవ్వాల్సిందే. బండి గ్యారేజీకి వచ్చిన ప్రతిసారీ నమోదైన కిలోమీటర్లు తేదీలతో సహా అందులో ఉంటాయి. మన దగ్గర మోసపోయినవాళ్లు చీటింగ్ కేసు పెట్టొచ్చు. కానీ మీటరు ఎవరు తిప్పారో, ఎప్పుడు తిప్పారో నిరూపించలేక చాలామంది ఊరుకుంటారు.

ఇక్కడ మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు నంబరు ప్లేటు ఫొటో తీసి పోర్టల్‌లో పెడుతూనే ఉన్నారు. ఆ పక్కనే మీటరు ఫొటో ఒకటి పెట్టమనండి. బీమా రెన్యువల్ చేసేటప్పుడు, కంపెనీ సర్వీసు సెంటర్లో బిల్లు కొట్టేటప్పుడు కిలోమీటర్లు కూడా నమోదు చేయించండి. బండి నంబరు కొడితే ఆ అంకెలు వరుసగా కనిపించేలా చేయండి. 2021లో 92 వేలు చూపించిన మీటరు 2025లో 41 వేలు చూపిస్తే, అడ్వాన్సు ఇవ్వకముందే కొనేవాళ్లకు తెలిసిపోతుంది. ఈ మార్పును తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖల మంత్రులు కేంద్రానికి ప్రతిపాదించాలని, ఈలోగా తమ రాష్ట్రాల్లోని పొల్యూషన్ సెంటర్లలో మీటరు ఫొటో తీయడం మొదలుపెట్టాలని కోరుతున్నాం.