ధర అడిగితే చెక్కు!

అమెరికా పాలకుల తీరు చూడండి, బిడ్డను గిల్లేదీ వాళ్లే, జోల పాడేదీ వాళ్లే. ట్రంప్ సుంకాలకు ప్రతీకారంగా చైనా 2025 మే నుంచి కోతల వేళ దాకా అమెరికా సోయా కొనుగోళ్లు దాదాపు ఆపేసింది. అంతకు ముందు ఏడాది అదే చైనా కొన్న సరుకు విలువ 1,200 కోట్ల డాలర్ల పైమాటే. పంట ఇంటికొచ్చాక, డిసెంబరులో వాషింగ్టన్ 1,200 కోట్ల డాలర్ల ‘వంతెన సాయం’, అంటే గడ్డుకాలం దాటించే సొమ్ము, ప్రకటించింది. 2018లోనూ ఇదే తంతు, 2019లోనూ ఇదే తంతు. రైతు అడిగింది ధర, చేతిలో పెట్టింది చెక్కు.

ఆ చెక్కు పాటి ఎంత? సోయాకు ఎకరాకు 30.88 డాలర్లు. ఎకరాకు 53 బుషెళ్లు పండిందనుకుంటే బుషెల్‌కు, అంటే 27 కిలోల పైచిలుకు గింజలకు, 58 సెంట్లు. 2018లో బుషెల్‌కు 1.65 డాలర్లు ఇచ్చారు. మొక్కజొన్నకు అప్పుడు విదిల్చింది ఒక్క సెంటు! పోనీ, చిన్న రైతుకేమైనా మొగ్గు ఉందా అంటే అదీ లేదు. వేసిన ఎకరాలే కొలబద్ద కనుక 100 ఎకరాల రైతుకు 3,088 డాలర్లు, 5,000 ఎకరాల ఆసామికి 1,54,400. గరిష్ఠ పరిమితి 1,55,000 మరి! ఎవరిని చూసి గీసిన గీతో చెప్పనక్కర్లేదు.

అసలు దెబ్బ ఎలివేటర్ దగ్గర, అంటే రైతు గింజలు అమ్ముకునే ధాన్యపు గోదాము దగ్గర. నార్త్ డకోటా సోయా ఎక్కువగా 110 వ్యాగన్ల రైళ్లలో పసిఫిక్ రేవులకు, అక్కడి నుంచి చైనాకు పోతుంది. ఓడ రాకపోతే రైలు కదలదు, రైలు కదలకపోతే ఎలివేటర్ ఖాళీ కాదు. అప్పుడు షికాగో ఎక్స్ఛేంజీలో ధర ఎంత పలికినా దానిలోంచి స్థానికంగా కోసే కోత పెరిగిపోతుంది. అక్కడి వాడుకలో దాన్ని ‘బేసిస్’ అంటారు. తేమ 13 శాతం దాటితే దానికి వేరే కోత. బ్యాంకు వాయిదా తరుముతున్నవాడు గాదెలో పోసుకుని ఆగలేడు. దేశమంతటికీ ఒకే రేటుతో వచ్చే చెక్కుకు ఈ ఊరి ఎలివేటర్ ఎంత కోసిందో ఎలా తెలుస్తుంది?

విత్తనాలకూ ఎరువులకూ తెచ్చిన అప్పు కట్టుకోవడానికి ఈ సొమ్ము అక్కరకొస్తుందంటున్నారు. కాదనం. అప్పు తీరవచ్చు, అప్పు చేయించిన ధర మాత్రం అక్కడే ఉంటుంది.

మన రాజకీయాల్లో పాపులిస్టు అంటే తాయిలాలు పంచేవాడు. ఆ పేరు మొదట మోసిన అమెరికా రైతులు తాయిలం అడగనే లేదు. విత్తక ముందే పత్తిని షావుకారుకు తాకట్టు రాసి, నగదు ధర ఒకటి, అరువు ధర మరొకటిగా సరుకు తెచ్చుకున్న దక్షిణాది రైతుల తరఫున రైతు నాయకుడు చార్లెస్ మెక్యూన్ 1889లో ఒక పథకం పెట్టారు. పంటను ప్రభుత్వ గోదాములో పెట్టాలి, స్థానిక ధరలో 80 శాతం అప్పు ఇవ్వాలి, వడ్డీ ఏడాదికి 1 శాతం, 12 నెలల్లో ధర వచ్చినప్పుడు అమ్ముకోవాలి. కోతలప్పుడు అందరూ ఒక్కసారే తెగనమ్ముకోకుండా ఆపడమే దాని కీలకం. 1892 జులై 4న ఒమాహాలో ఆ పాపులిస్టుల పీపుల్స్ పార్టీ దానికి రైళ్ల జాతీయకరణను, అంచెల ఆదాయపన్నును జోడించింది. ఆ ఏడాది దాని అధ్యక్ష అభ్యర్థి జేమ్స్ వీవర్‌కు 10 లక్షలకు పైగా ఓట్లు, 22 ఎలక్టోరల్ ఓట్లు పడ్డాయి. 1979లో ట్రాక్టర్లతో వాషింగ్టన్‌ను స్తంభింపజేసినవాళ్ల కేక కూడా ‘పారిటీ’యే, అంటే గిట్టుబాటు ధర.

పంట తాకట్టు మీద రుణమివ్వడానికి 1933లో పుట్టిన కమోడిటీ క్రెడిట్ కార్పొరేషన్‌లో మెక్యూన్ ఆలోచన ఛాయలున్నాయి. నేటి చెక్కులు ఆ సంస్థ ఖాతా నుంచే!

ఈ వాషింగ్టన్ పెద్దమనుషులే 2018 మేలో ప్రపంచ వాణిజ్య సంస్థ గడప ఎక్కి, భారత్ వరికిచ్చే మద్దతు 10 శాతం పరిమితిని మించి 70 శాతం దాటిందని ఫిర్యాదు చేశారు. మూడు నెలలు తిరగకుండానే, జులైలో, సొంత రైతులకు 1,200 కోట్ల డాలర్ల మూట విప్పారు. గోదావరి జిల్లాల రైతుకు ధర ఇస్తే మార్కెట్‌కు ద్రోహమట, అయోవా రైతుకు చెక్కు రాస్తే అది వంతెనట! ఏ ముఖం పెట్టుకుని మళ్లీ ఆ సంస్థ కొలువైన జెనీవాలో మన మద్దతు ధర మీద వేలెత్తి చూపుతారు?

రైతు బిడ్డలమని ఊరూరా చెప్పుకుని ఓట్లు దండుకున్నవారు ముందు ఒక్కమాట చెప్పాలి. చెక్కు రాని ఏడాది బుషెల్ ఎంతకు కొనిపిస్తారు?