డబుల్ డబుల్ గారికి తిరుపతి నుంచి ఒక విన్నపం

బైరాగిపట్టెడ,
తిరుపతి.

మహారాజశ్రీ కాలిఫోర్నియా ఇన్ ఎన్ ఔట్ బర్గరు కొట్ల వారి డబుల్ డబుల్ బర్గరు గారి దివ్య సముఖమునకు,

ముప్పై రెండేళ్ళు ప్రభుత్వ కార్యాలయంలో కూర్చుని ఇతరుల అర్జీలు తీసుకున్నవాణ్ణి. సొంతంగా అర్జీ పెట్టుకోవడం ఇదే మొదలు. స్టాంపు అంటించలేదు, మన్నించగలరు. విషయం ఏమిటంటే, కాలిఫోర్నియా వెళ్ళిన తిరుపతివాడు తమరిని తినకుండా తిరిగి వస్తే ఊళ్ళో తలెత్తుకుని తిరగవచ్చా, తిరగకూడదా అన్నది.

నేను వెళ్ళాను, తిన్నాను. ఈ 'తిన్నాను' అన్న మాటలో చిన్న మెలిక ఉంది. దాని సంగతి కాసేపట్లో మనవి చేసుకుంటాను.

ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలో రోజూ పొద్దున్నే నడిచే బృందం ఒకటి మాది. మొత్తం ఏడుగురం. అందరమూ పదవీ విరమణ చేసినవాళ్ళమే, అందరి పిల్లలూ అమెరికాలోనే. చెట్ల కింద మా చర్చలన్నీ చక్కెర శాతం, డీఏ బకాయిలు, మోకాలి చిప్పల చుట్టూ తిరుగుతుంటాయి. నాకు వీసా వచ్చిందని తెలిసిన రోజు మాత్రం ఈ మూడూ పక్కకు పోయాయి. గ్రాండ్ కాన్యన్ చూడమని ఎవరూ అనలేదు. పసిఫిక్ సముద్రం పేరు ఎవరి నోటా రాలేదు. "విమానం దిగగానే మొదట ఇన్ ఎన్ ఔట్‌కు వెళ్ళండి సార్" అన్నారు. ఒకాయన రెండు చేతులూ దోసిలి పట్టి తమరి ఎత్తు చూపించారు. ఇంకొకాయన కళ్ళు మూసుకుని తల ఊపారు. గర్భగుడిలో హారతి ఇస్తున్నప్పుడు కూడా ఆయన అంత తన్మయంగా కళ్ళు మూసుకోగా నేను చూడలేదు.

అయ్యా, దూరం నుంచి వచ్చి తినవలసిన వస్తువుల గురించి తిరుపతివాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఈ ఊళ్ళో సొంత ఇల్లున్నవాడి ఇల్లు ఇల్లు కాదు, లడ్డూల డిపో. రేణిగుంట స్టేషనులో రైలు దిగిన ప్రతి బంధువుకూ నా ఫోను నంబరు తెలుసు. పెళ్ళిపిలుపులకు నన్ను మరిచిపోయేవాళ్ళు కూడా లడ్డూలు కావలసినప్పుడు "మామయ్యా, ఆరోగ్యం ఎలా ఉంది" అని మొదలుపెడతారు. అలిపిరి మెట్లు మూడు వేల అయిదు వందల పైచిలుకు. నేను జీవితంలో ఎన్నిసార్లు ఎక్కానో చెప్పమంటే వేళ్ళు మిగులుతాయి. ఎక్కివచ్చినవాళ్ళ కాళ్ళకు వేడినీళ్ళు కాచిన లెక్క అడిగితే మా ఆవిడ చెబుతుంది.

కాబట్టి తమరి గురించి విన్నప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. స్వజాతి వస్తువు ఒకటి సముద్రం అవతల ఉందన్నమాట అనుకున్నాను.

రేణిగుంటలో విమానం ఎక్కి, హైదరాబాదులో మారి, దోహాలో మళ్ళీ మారి లాస్ ఏంజెలెస్‌లో దిగాం. పెట్టెలో పది లడ్డూలు. బయటికి రాగానే ఇంటికి వెళ్దాం, రెండు మెతుకులు పెరుగన్నం తిని పడుకుందాం అనుకున్నాను. అల్లుడు కారును సెపుల్వేడా రోడ్డు మీదికి తిప్పాడు. "పక్కనే మామయ్యగారూ, అయిదు నిమిషాలు" అన్నాడు.

విమానాశ్రయాన్ని ఆనుకుని ఉంది తమరి సన్నిధానం. దిగే విమానాలు నెత్తిమీద నుంచే, చక్రాలు చాపుకుని పోతుంటాయి. వాటిని చూడడానికే వచ్చి పొట్లాలు విప్పుకుని కూర్చునే జనం ఉన్నారక్కడ. ముందు రెండు ఈత చెట్ల జాతివి ఒకదాని మీద ఒకటి వాలి, పెళ్ళిపందిరికి అడ్డంగా కట్టిన అరటిచెట్లలా నిలబడ్డాయి. పసుపు రంగు బాణం గుర్తు. కార్ల వరుస వీధి దాకా. ఒక కుర్రవాడు చేతిలో పలక లాంటి యంత్రం పట్టుకుని కారు కారు దగ్గరికీ వచ్చి ఏం కావాలో రాసుకుంటున్నాడు. వరుస చూడగానే నా నిద్రమత్తు వదిలింది. పరాయి దేశంలో సొంత ఊరు కనిపించినట్టయింది. సర్వదర్శనం కంపార్టుమెంట్లలో పూటలకు పూటలు కూర్చోవడం చూసిన కళ్ళకు ఇదొక వరుసా? ఎవరి దగ్గరా సిఫారసు ఉత్తరం లేకపోవడమే కాస్త వెలితిగా అనిపించింది.

వరుసలో ఉండగా అల్లుడు తమరి స్థలపురాణం చెప్పాడు. 1948లో హ్యారీ, ఎస్తర్ స్నైడర్ అనే దంపతులు బాల్డ్‌విన్ పార్కు అనే ఊళ్ళో చిన్న కొట్టు పెట్టారట. కారులో కూర్చునే మాట్లాడి కావలసింది చెప్పుకునేలా రెండు వైపులా వినిపించే స్పీకరు అమర్చారట. ఆయన వంట చూసుకుంటే ఆమె పద్దులు రాసేదట. పద్దులు రాసేవాళ్ళంటే నాకు సహజంగానే గౌరవం. ఇప్పటికీ సంస్థ ఆ కుటుంబం చేతిలోనే ఉంది, బయటివాళ్ళకు ఫ్రాంచైజీ ఇవ్వరు. మాంసం గడ్డకట్టించరు. ఫ్రీజరు లేదు, మైక్రోవేవ్ లేదు. ఉర్లగడ్డలు అక్కడికక్కడే కోసి పొద్దుతిరుగుడు నూనెలో వేయిస్తారు. సరుకు తయారయ్యే చోటికి ట్రక్కులో ఒక్క రోజు ప్రయాణం దాటిన ఊళ్ళో కొట్టు తెరవరు. అందుకే ఇన్నేళ్ళయినా కాలిఫోర్నియా, నెవాడా, ఆరిజోనా, టెక్సస్ లాంటి కొన్ని రాష్ట్రాలు దాటితే తమరి దర్శనం లేదు.

ఇక్కడ మాత్రం వ్యంగ్యం పక్కనపెట్టి ఒక నమస్కారం. గుడి వంటశాల అయిన పోటులో, దిట్టం అనే కొలతల ప్రకారం శనగపిండి, నెయ్యి, చక్కెర, కలకండ, జీడిపప్పు, ఎండుద్రాక్ష, యాలకులు కొలిచి వేసే ఊరివాణ్ణి నేను. మా లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పేరు పెట్టుకుని ఇంకొకరు అమ్మడానికి వీల్లేదు. ఎక్కడపడితే అక్కడ దొరకననే పట్టుదల ఎంత విలువైనదో నాకు తెలుసు. మా ఊరి ఆటోలు, లాడ్జీలు, గుండు చేసేవాళ్ళ కత్తులు, మా ఇంటి వేడినీళ్ళు అన్నీ ఆ పట్టుదల మీదే నడుస్తున్నాయి.

సరే, మా వంతు వచ్చింది. తమరి బోర్డు మీద పట్టుమని పది పేర్లు లేవు. హాంబర్గరు, చీజ్‌బర్గరు, రెండు గొడ్డుమాంసం బిళ్ళలూ రెండు చీజు రేకులూ గల తమరు, వేపుడు ముక్కలు, షేకులు, తాగడానికి ఇంకో నాలుగు. బోర్డు మీద లేనివి వేరే ఉన్నాయట. రహస్యం అంటారు కానీ ఊరందరికీ తెలుసు. మాంసాన్ని ఆవపిండి ముద్ద పూసి కాల్చి, వేయించిన ఉల్లిపాయలు కుక్కితే అది 'యానిమల్ స్టైల్'. బన్ను తీసేసి క్యాబేజీ చుట్టం లాంటి ఆకులో చుడితే 'ప్రోటీన్ స్టైల్'. మా అమ్మాయి వెనక్కి తిరిగి, "నాన్నా, మనకు గ్రిల్డ్ చీజ్ చెబుతున్నాను" అంది.

గ్రిల్డ్ చీజ్ అంటే తమరిలో నుంచి తమరిని తీసేయగా మిగిలినది. బన్ను, రెండు చీజు రేకులు, ఆకు, టమాటా, ఉల్లిపాయ, పైన స్ప్రెడ్ అనే గులాబీ రంగు పూత. ఆ పూత మయొనైజ్ వంశానిది, గుడ్డు తగలనివాళ్ళు అది కూడా వద్దని చెప్పుకోవాలి. మాంసం మాత్రం ఉండదు. గొడ్డుమాంసం తినేవాళ్ళ తిండి వాళ్ళది, మా ఇంట్లో ఆ అలవాటు లేదు. అల్లుడి పొట్లం మాత్రం మా పొట్లాల కంటే రెండంతస్తులు ఎత్తుగా ఉంది. అందులో ఏముందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. దిగుతున్న విమానాన్ని చూడడానికి అన్నట్టు అటు తిరిగి తిన్నాడు. సంస్కారం గల పిల్లవాడు.

రుచి ఎలా ఉందంటారా? బన్ను అంచులు కరకరలాడాయి. టమాటా ముక్క వేలి మందాన, చల్లగా, గట్టిగా ఉంది. ధర పడిపోయిన రోజు మదనపల్లె రైతు రోడ్డు మీద పారబోసే కాయకు ఇక్కడ ఇంత పీట వేశారే అని కాసేపు దాన్నే చూశాను. మిరపకాయలు కావాలని అడిగితే పచ్చళ్ళలో ఊరినట్టుండే పసుపుపచ్చ చిన్న కాయలు ఉచితంగా ఇచ్చారు. మొత్తం విందులో నాకు చుట్టరికం తగిలింది వాటితోనే. మా ఆవిడ రెండు కొరికి, మూడోది రుమాలులో చుట్టుకుని, "ఊరిబిండిలో నూరితే ఎలా ఉంటుందో" అంది. వేపుడు ముక్కల విషయంలో ఆ దేశంలోనే రెండు పార్టీలున్నాయి. అమోఘమని ఒకరు, మెత్తబడిపోతాయని ఒకరు. పరాయి దేశపు రాజకీయాల్లో నేను తలదూర్చను. పక్క బల్ల దగ్గర ఒకాయన నిజమైన తమరిని, అసలు డబుల్ డబుల్‌ను, నోరంతా తెరిచి ఒక్క కాటులో అందుకోబోతుంటే మాత్రం భయం వేసింది. దవడ జారితే ఆ దేశంలో పుత్తూరు కట్టు వేసేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు?

తిరిగి వచ్చిన మర్నాడే నడక బృందం నన్ను చుట్టుముట్టింది. "ఎలా ఉంది? వెళ్ళదగినదేనా?"

"అద్భుతం" అన్నాను.

ఎందుకన్నానో నాకే తెలియదు. రెండు రోజులు కాలికి ముల్లు గుచ్చుకున్నట్టుంది. మూడో రోజు పాత ఉద్యోగబుద్ధి మేలుకుంది. నాకు తమరిని సిఫారసు చేసినవాళ్ళను విడివిడిగా, నెమ్మదిగా విచారించాను. "ఇంతకీ మీరు తిన్నది ఏమిటి?"

హెడ్మాస్టరుగా చేసిన ఆయన వెళ్ళిన రోజు ఏకాదశి అట, వేపుడు ముక్కలు తిన్నాడు. (ఏకాదశికి ఉర్లగడ్డ పనికొస్తుందని ఆయనే తీర్పు ఇచ్చుకున్నాడు.) బ్యాంకు మేనేజరు గారు షేకు తాగారు. దోసిలి పట్టి తమరి ఎత్తు చూపించిన ఆయన తిన్నది నాలాగే బన్నూ చీజూ. ఇంకొకాయన చికెన్ బర్గరు తిన్నానన్నారు, అలాంటి చికెన్ జన్మలో తినలేదన్నారు. ఇన్ ఎన్ ఔట్‌లో చికెన్ అనేదే అమ్మరు. ఆయన భక్తి ఏ గుడి మెట్లెక్కి ఏ దేవుడికి చేరిందో ఆ దేవుడికే తెలియాలి. కళ్ళు మూసుకుని తల ఊపిన ఆయన కొడుకు ఉండేది న్యూజెర్సీలో. అక్కడ తమరి కొట్టే లేదు. "అందరూ అంటుంటే..." అని నసిగారు.

ఇక ఆరో ఆయన. నేను బయలుదేరేముందు తమరి పేరు ఎత్తనిది ఆయనొక్కరే. అడిగితే చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "నేను అసలుదే తిన్నాను సార్. రెండుసార్లు. బాగుంది. మా ఆవిడకు మాత్రం చెప్పకండి" అన్నారు.

అదీ మెలిక. తిరుపతిలో తమరి కీర్తిని మోస్తున్న అయిదుగురిలో ఒక్కరూ తమరిని రుచి చూడలేదు, చూసిన ఒక్కడూ నోరు విప్పడు. తెలిసీ నేను ఆరో బోయీగా పల్లకీకి భుజం ఇచ్చాను. రాక రాక అంత దూరం వెళ్ళి, కూతురు డబ్బు ఖర్చు పెడితే, వరుసలో నిలబడి తిన్నవాడు "పరవాలేదు" అంటాడా అయ్యా? కొండ మీద క్యూలో నుంచి బయటపడ్డవాళ్ళు ముఖాలు వెలిగిపోతూ రావడం యాభై ఏళ్ళుగా చూస్తున్నాను. అక్కడ వెలుగుకు స్వామి ఉన్నాడు. ఇక్కడ బన్ను తిని అదే ముఖం పెట్టుకుని వచ్చాను. నన్ను చూసి నాకే నవ్వు వచ్చింది.

మా ఊళ్ళో బర్గర్లు లేవని కాదు. ఏ దేశం వెళ్ళినా ఒకే రుచి, ఒకే కుర్చీ ఉండే కొట్లున్నాయి. వీధి చివరి బేకరీలో ఉర్లగడ్డ కట్‌లెట్టును బన్నులో ఇరికించి ఇస్తారు. అందులో మాత్రం ఉండవలసినదంతా ఉంటుంది. కానీ దాని గురించి నడక బృందంలో చెబితే ఎవరైనా కళ్ళు మూసుకుంటారా?

కనుక నా విన్నపం ఇది. తమరు ఎట్టి పరిస్థితుల్లోనూ తిరుపతికి రావద్దు. బాల్డ్‌విన్ పార్కు నుంచి బయలుదేరిన ట్రక్కు ఒక్క రోజులో రేణిగుంట చేరలేదు, మధ్యలో సముద్రం ఉంది. ఆ ధైర్యంతోనే నిద్రపోతున్నాను. అయినా కాలం మారుతోంది, తమరి కొట్లు ఒక్కో రాష్ట్రమే దాటుకుంటూ వస్తున్నాయి. రేపు ఎవరైనా తెలివైనవాడు తమరిని ఇక్కడ తెరిస్తే, మా ఏడుగురి పరువూ వేపుడు నూనెలో పడుతుంది. సాయంత్రానికల్లా ఊరంతా తిని చూసేస్తుంది.

మొన్న ఎదురింటాయన వచ్చారు. వచ్చే నెల శాన్ హోసేలో ఉన్న కొడుకు దగ్గరికి ప్రయాణం. ఆ బర్గరు అంత గొప్పదా, వెతుక్కుంటూ వెళ్ళవచ్చా అని అడిగారు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. దారిలో కనిపిస్తే ఆగండి, మాంసం తినేవారైతే అసలుదే తినండి, తినకపోతే మిరపకాయలు అడిగి తీసుకోండి, దాని కోసం ప్రత్యేకంగా కారు తిప్పించకండి. ఇంతే చెప్పాలనుకున్నాను. ఆయన అప్పటికే చిన్న పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుని కూర్చున్నారు.

"తప్పకుండా వెళ్ళండి సార్" అన్నాను. "విమానం దిగగానే."

ఇట్లు,
తమరిని తిన్నట్టే లెక్క అయిన
ఒక విశ్రాంత గుమాస్తా

తా.క.: తమరి దగ్గర తాగిన కాగితపు కప్పు ఒకటి మా ఆవిడ కడిగి తెచ్చుకుంది. పెరట్లో అందులో కనకాంబరం నారు పోయబోతూ అడుగున చూస్తే సన్నటి అక్షరాలు, 'జాన్ 3:16' అని. బైబిలు వాక్యం సంఖ్య అని అమ్మాయి ఫోనులో చెప్పింది. నీళ్ళు నిలవకుండా కప్పుకు చిల్లు పెట్టాలి కదా. ఆవిడ సూది కాల్చి, ఆ అక్షరాలకు తగలకుండా పక్కగా పొడిచింది. నారు బతికింది.